ఎం35ఏ2 మిలటరీ ట్రక్కు కొనేవారికి హెచ్చరిక: ఇంజను శబ్దం విని నమ్మకండి, బ్రేకులు విప్పించి చూడండి

అమెరికా సైన్యం వాడి వదిలేసిన ఎం35ఏ2 ట్రక్కును ఈ మధ్య నేను కొన్నాను. 'డ్యూస్ అండ్ ఎ హాఫ్' అని పేరుపడిన రెండున్నర టన్నుల బండి అది. వేలంలో తెచ్చి పూర్తిగా బాగుచేసి అమ్ముతున్నానని చెప్పిన వ్యాపారి దగ్గర తీసుకున్నాను. ఆ బాగుచేత రంగు వేయడంతోనే ఆగిపోయిందని నాకు తెలిసేసరికి ఆలస్యమైంది. ఇలాంటి బండి చూడడానికి వెళ్లేవారు ముందుగా ఇది చదవాలని రాస్తున్నాను.

చూడడానికి వెళ్లిన రోజు అతను చేసిన మొదటి పని ఇంజను స్టార్ట్ చేయడం. 7.8 లీటర్ల మల్టీఫ్యూయల్ (పలు రకాల ఇంధనాలతో నడిచే) ఇంజను ఒక్క సెల్ఫుకే అందుకుంది, టర్బో ఈల వినిపించింది, పొగ కూడా పెద్దగా లేదు. ఆ ఈలకే నేను పడిపోయాను, అది ఒప్పుకోవాలి. ఇంజను ఇంత బాగున్నప్పుడు మిగతావన్నీ చిన్న పనులేనని అతనన్న మాటకు తలూపాను. బ్రేకు పెడలు తొక్కి చూశాను, గట్టిగానే ఉంది. దాని వెనుక ఏముందో అడగలేదు.

రెండు వారాల తర్వాత, అదృష్టం కొద్దీ ఖాళీ మైదానంలో మెల్లగా నడుపుతుండగా, పెడలు ఒక్కసారిగా నేలకు అంటుకుపోయింది. ఈ బండిలో గాలి, ద్రవం రెండూ కలిసి పనిచేస్తాయి. పెడలు మాస్టర్ సిలిండర్‌ను నెడుతుంది, ఎయిర్ ప్యాక్ గాలి బలంతో ఆ ఒత్తిడిని పెంచుతుంది, అక్కడి నుంచి బ్రేకు ద్రవం ఆరు చక్రాలకూ వెళ్తుంది. అయితే ద్రవం వెళ్లే దారి ఒక్కటే. ఇప్పటి వాహనాల్లో లాగా ముందు చక్రాలకు వేరుగా, వెనుక చక్రాలకు వేరుగా రెండు దారులు ఉండవు కనుక, ఒక్క చక్రం దగ్గర సీలు తెగినా ఆరింటికీ బ్రేకు పోతుంది. మిగిలేది ట్రాన్స్‌ఫర్ కేసు (ఇంజను బలాన్ని ముందు, వెనుక యాక్సిళ్లకు పంచే గేర్ల పెట్టె) మీదున్న హ్యాండ్ బ్రేకు ఒక్కటే. ఖాళీగానే దాదాపు 6 టన్నులు తూగే బండిని పరుగులో ఆపడానికి అది చేసింది కాదు. గేరు తగ్గించి, హ్యాండ్ బ్రేకు లాగి, ఎలాగో నిలబెట్టాను.

కారణం వెతకడానికి చాలా రోజులు పట్టింది. డ్రైవరు కాళ్ల కింద, నేల పలక తీస్తే కనిపించే మాస్టర్ సిలిండర్‌లో ద్రవం సగానికి పైగా తగ్గింది, కానీ బండి కింద ఎక్కడా తడి లేదు. అలాంటప్పుడు అనుమానించవలసిన చోట్లు రెండు. ఎయిర్ ప్యాక్ సీళ్లు అరిగితే ద్రవం గాలి వైపుకు జారి లోపలే పోగవుతుంది. దాని గాలి గొట్టం విప్పితే తెలిసిపోతుంది. నాది పొడిగానే ఉంది. రెండో చోటు డ్రమ్ములు, అంటే చక్రంతో పాటు తిరుగుతూ బ్రేకును లోపల దాచుకునే ఇనుప గిన్నెలు. ఈ బండిలో డ్రమ్ము హబ్బుకు లోపలి వైపు బిగించి ఉంటుంది కాబట్టి చక్రం ఊడదీసినంత మాత్రాన లైనింగ్ (డ్రమ్మును ఒరుసుకుని బండిని ఆపే పొర) కనబడదు. యాక్సిల్ షాఫ్టు లాగి, పెద్ద నట్లు విప్పి, హబ్బునే బయటకు తీయాలి. బరువైన, గంటలు పట్టే పని. అందుకే ఎవరూ చూడరు, ఎవరూ చూడరని అమ్మేవారికీ తెలుసు.

వెనుక ఎడమ హబ్బు తీస్తే, వీల్ సిలిండర్ (ద్రవం ఒత్తిడితో లైనింగును డ్రమ్ముకు నొక్కేది) కారి డ్రమ్ములోనే ద్రవం నిలిచి ఉంది, యాక్సిల్ సీలు నుంచి వచ్చిన గేరాయిల్ లైనింగుకు పట్టి ఉంది. సిలిండర్ లోపల తుప్పు గుంటలు. అసలు తప్పు ఎక్కడ జరిగిందో ద్రవాన్ని గాజు సీసాలో పట్టినప్పుడు అర్థమైంది: ఊదా రంగు ఒక పొర, తేనె రంగు ఇంకో పొర. అమెరికా సైన్యం 1980ల నుంచి ఈ బండ్లలో డాట్ 5 అనే రకం సిలికాన్ బ్రేకు ద్రవం వాడింది. నాకు అమ్మిన పెద్దమనిషి అది కారిపోతున్నప్పుడల్లా మామూలు డాట్ 3 పోసి నింపాడు. ఈ రెండూ ఒకదానితో ఒకటి కలవవు. పైగా సిలికాన్ ద్రవం నీటిని పీల్చుకోదు కనుక, చేరిన తేమ పల్లపు చోట్లలో, అంటే వీల్ సిలిండర్లలోనే నిలిచి తుప్పు పుట్టిస్తుంది.

ఆ మెచ్చుకున్న ఇంజను సంగతీ చెప్పాలి. నెల తిరగకుండా డిప్‌స్టిక్కు మీద ఆయిలు గీత దాటి పైకి వచ్చింది. ఆయిలు తగ్గితే కంగారుపడతాం గానీ పెరిగితే సంతోషిస్తాం. ఇక్కడ పెరగడమే ప్రమాదం. ఇంజెక్షన్ పంపుకు కందెన ఇంజను ఆయిలే. పంపు లోపలి సీళ్లు పాడైతే డీజిల్ ఆ దారినే సంపులోకి (ఇంజను అడుగున ఆయిలు నిలిచే తొట్టిలోకి) దిగి ఆయిలును పలుచన చేస్తుంది, బేరింగులు అరిగిపోతాయి. డిప్‌స్టిక్కు వాసన చూస్తే డీజిల్ తెలిసిపోతుంది. చూడడానికి వెళ్లినప్పుడు ఆ ఒక్క పని చేసి ఉంటే బాగుండేది.

మిగతావి చిన్నవే. 24 వోల్టుల వ్యవస్థలో రెండు బ్యాటరీలలో ఒకదాని నుంచే రేడియోకు 12 వోల్టులు లాగడం వల్ల ఒకటి ఎప్పుడూ అరకొర చార్జీలో, రెండోది అతి చార్జీలో ఉండి రెండూ చెడిపోయాయి. ఎడమ వైపు చక్రాల నట్లకు ఎడమ మర ఉంటుందని, అంటే అవి మామూలుకు తిరగబడి విప్పాలని తెలియని ఎవరో బలవంతంగా తిప్పి రెండు స్టడ్లు విరిచి, పైన రంగు పూశారు.

ఇదంతా చెప్పి ఆ వ్యాపారిని అడిగితే, పాత మిలటరీ బండి ఉన్నది ఉన్నట్టే అమ్మామని, కాగితం మీద అలాగే రాసి ఉందని సమాధానం వచ్చింది. రాసి ఉన్న మాట నిజమే. అందువల్ల మాటలు కాక గుర్తులు చూడండి. బ్రేకు ద్రవంలో చేరిన గాలిని బయటకు వదిలే నిపుళ్ల (చిన్న మరల) మీద, రబ్బరు గొట్టాల మీద కొత్త రంగు పగలకుండా ఉంటే, రంగు వేశాక వాటిని ఎవరూ ముట్టుకోలేదని అర్థం. రబ్బరు పగుళ్లను కూడా ఆ రంగే కప్పేస్తుంది. మాస్టర్ సిలిండర్ బిరడా తీయించి ద్రవం రంగు చూడండి. కనీసం ఒక వెనుక హబ్బు తీసి చూపించమనండి, ఖర్చు మీరే పెట్టుకుంటామని చెప్పండి. ఈ బండి గురించి సైన్యం ప్రచురించిన టీఎం (టెక్నికల్ మాన్యువల్) 9-2320-361 పుస్తకాలు వెంట ఉంచుకోండి.

నా బండి ఇప్పుడు స్టాండ్ల మీద ఉంది. నాలుగు చక్రాల సిలిండర్లు మార్చాను, పాత ద్రవం మొత్తం కడిగేశాను, రెండు చక్రాలు మిగిలాయి, ఇంజెక్షన్ పంపు ఇంకా దించలేదు. నేను కొన్న చోటే మరో రెండు ట్రక్కులు అదే ఆకుపచ్చ రంగుతో, నిపుళ్లతో సహా తళతళలాడుతూ నిలబడి ఉన్నాయి.