నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్: జర్నల్ అబ్‌స్ట్రాక్ట్ పనికి ఏళ్ల తరబడి వాడాక

నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ అనే టెక్స్ట్ ఎడిటర్ ప్రోగ్రామర్ల సరుకని సివిల్, మెకానికల్, మెటలర్జీ వాళ్లలో చాలామంది అనుకుంటారు. వరంగల్‌లో మా మెటీరియల్స్ ల్యాబ్‌లో మాత్రం ఏ పేపర్ జర్నల్‌కి పంపాలన్నా దాని అబ్‌స్ట్రాక్ట్ (పేపర్ సారాంశం) ముందు ఇందులోకి వచ్చి, ఆ తర్వాతే జర్నల్ పోర్టల్‌కి పోతుంది. ఈ సమీక్ష ఆ ఒక్క పని గురించే. కోడింగ్, ప్లగిన్లు, థీములు ఇందులో లేవు.

నాకు ఇది ఇంత ఇష్టం కావడానికి కారణం సెర్చ్ మెనూలో అడుగున ఉండే ఒక ఐటమ్: ‘ఫైండ్ క్యారెక్టర్స్ ఇన్ రేంజ్’. అది తెరిచి ‘నాన్-ఆస్కీ క్యారెక్టర్స్ (128-255)’ ఎంచుకుని ఫైండ్ నొక్కుతూ పోతే, మామూలు ఇంగ్లిష్ కీబోర్డు మీద లేని ప్రతి గుర్తు దగ్గరా ఆగుతుంది. పైకి మామూలు ఖాళీలా కనిపించే నాన్-బ్రేకింగ్ స్పేస్, వంపు తిరిగిన కొటేషన్లు, పొడుగు డాష్, మ్యూ, డిగ్రీ, అన్నీ దొరికిపోతాయి. 250 పదాల అబ్‌స్ట్రాక్ట్‌కి రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలు పెట్టకపోతే ఏమవుతుందో చాలామంది స్కాలర్లకు తెలియదు, గైడ్లూ చెప్పరు.

పీడీఎఫ్‌లో అబ్‌స్ట్రాక్ట్ చక్కగానే ఉంటుంది. ఇబ్బందంతా సబ్మిషన్ పోర్టల్‌లో విడిగా అతికించే ‘అబ్‌స్ట్రాక్ట్’ డబ్బాతోనే. ఎడిటర్ ముందుగా చదివేదీ, పేపర్‌ని పరిశీలించే రివ్యూయర్‌కి ఆహ్వానం మెయిల్లో వెళ్లేదీ మామూలుగా ఆ డబ్బాలోని పాఠమే. అక్కడ ఫాంట్లుండవు, చాలాచోట్ల సబ్‌స్క్రిప్ట్, సూపర్‌స్క్రిప్ట్ కూడా ఉండవు. అబ్‌స్ట్రాక్ట్ ఒకే పేరాగా ఉండాలి, రిఫరెన్సులు వద్దు, విడిగా పెట్టిన ఈక్వేషన్లు వద్దు అని ఐట్రిపుల్ఈ లాంటి జర్నల్ ప్రచురణకర్తలు పట్టుబట్టేది ఇందుకే. పేపర్ నుంచి విడిపోయి డేటాబేస్‌లో ఒంటరిగా బతకాల్సిన పాఠం అది.

లాటెక్‌లో (కోడ్‌లా టైపు చేస్తే పేపర్‌ని పేర్చి పీడీఎఫ్ ఇచ్చే పద్ధతి) రాసేవాళ్లకు అన్నిటికంటే ముందు తగిలేది లిగేచర్. మాది రామగుండం ఫ్లై యాష్ (బొగ్గు కాల్చాక వచ్చే మెత్తటి బూడిద) మీద పని కాబట్టి ప్రతి అబ్‌స్ట్రాక్ట్‌లో ‘ఫ్లై’ ఉంటుంది, ‘ఫైన్‌నెస్’ ఉంటుంది. పీడీఎఫ్ నుంచి కాపీ చేస్తే ఈ మాటల్లో మొదటి రెండు ఇంగ్లిష్ అక్షరాలు కొన్నిసార్లు ఒకే గుర్తుగా అంటుకుని వస్తాయి. కంటికి తేడా తెలియదు. అదే అలాగే డేటాబేస్‌లోకి వెళ్తే, ‘ఫ్లై యాష్’ అని మామూలుగా టైపు చేసి వెతికేవాళ్లకు ఆ పేపర్ దొరక్కపోవచ్చు. రేంజ్ సెర్చ్ అలాంటి ప్రతి జంట దగ్గరా ఆగుతుంది. దాన్ని చెరిపి రెండక్షరాలూ విడివిడిగా కొడితే చాలు.

పీడీఎఫ్ నుంచి వచ్చే ఇంకో బెడద లైన్ల విరుపు. కంట్రోల్ ఏ, కంట్రోల్ జే కొడితే అన్ని లైన్లూ కలిసి ఒకే పేరా అవుతుంది. అయితే కలిపే ముందే లైన్ చివర హైఫన్‌తో తెగిన మాటల్ని కంటితో చూసి సరిచేసుకోవాలి. ఫైండ్-రీప్లేస్‌తో ఒక్క దెబ్బలో తీసేస్తే, ‘వాటర్-సిమెంట్ రేషియో’లో ఉండాల్సిన హైఫన్ కూడా ఎగిరిపోయి రెండు మాటలూ అతుక్కుపోతాయి. లాటెక్ సోర్సు నుంచి నేరుగా కాపీ చేసేవాళ్లు శాతం గుర్తు ముందుండే బ్యాక్‌స్లాష్‌ని, అంకెకీ యూనిట్‌కీ మధ్య పెట్టే టిల్డేని విడిగా వెతకాలి. అవి కీబోర్డు మీద ఉన్న గుర్తులే కాబట్టి రేంజ్ సెర్చ్ వాటి దగ్గర ఆగదు.

ఇక దీన్ని కళ్లు మూసుకుని నమ్మకూడదని తేల్చిన సంగతి ఒకటుంది. అది కొంచెం వివరంగా చెప్పాలి.

వర్డ్‌లో తయారైన ఒక అబ్‌స్ట్రాక్ట్. ఫ్లై యాష్ ఎంత మెత్తగా ఉందో చూసే పరీక్షల్లో ఒకటి 45 మైక్రాన్ జల్లెడ మీద. ఫ్లై యాష్‌కి ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 3812 మొదటి భాగం ప్రకారం తడి జల్లెడలో ఆ జల్లెడ మీద మిగిలేది 34 శాతం దాటకూడదు. అబ్‌స్ట్రాక్ట్‌లో ‘45’ పక్కన మ్యూ, ‘ఎం’ ఉన్నాయి. పోర్టల్‌లో అతికించాక అది ‘45 ఎంఎం’ అయింది. కాంక్రీటులో వాడే కంకరే మామూలుగా 20 ఎంఎం. 45 ఎంఎం ఫ్లై యాష్ అంటే కంకర కంటే రెండింతలు లావు బూడిద! ఇన్విటేషన్ మెయిల్లో ఆ వాక్యం చదివిన రివ్యూయర్ పేపర్ తెరవకముందే ఒక అభిప్రాయానికి వచ్చేస్తాడు. రేంజ్ సెర్చ్ నడిపే పంపారు, అది ఎక్కడా ఆగలేదు.

కారణం సింబల్ ఫాంటు. ఇంగ్లిష్ ‘ఎం’ అక్షరం టైపు చేసి ఫాంటు సింబల్‌కి మారిస్తే తెర మీద మ్యూ కనిపిస్తుంది. లోపల ఉన్నది మాత్రం ‘ఎం’ అక్షరమే, పైన మ్యూ బొమ్మ తొడిగారంతే. పాత డీటీపీ తెలుగు ఫాంట్లలో చేసిన పెళ్లికార్డు ఫైల్‌ని ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే ఇంగ్లిష్ అక్షరాల గుంపుగా కనిపిస్తుందే, అచ్చం అదే జరుగుతుంది. ఫాంటు పోగానే అసలు అక్షరం బయటపడుతుంది. పాత థెసిస్ ఫైళ్లలో, ఒక స్కాలర్ నుంచి ఇంకో స్కాలర్‌కి చేతులు మారుతూ వచ్చిన టెంప్లేట్లలో ఇది ఇప్పటికీ తగులుతుంది.

సింబల్ ఫాంటు పట్టిక దగ్గర పెట్టుకుని చూస్తే ఏది దొరుకుతుందో, ఏది దొరకదో ముందే చెప్పొచ్చు. గ్రీకు అక్షరాలన్నీ ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లోనే కూర్చున్నాయి: మ్యూ పోతే ‘ఎం’, సిగ్మా పోతే ‘ఎస్’, డెల్టా పోతే ‘డి’ మిగులుతుంది. ఇవి మామూలు అక్షరాలు కాబట్టి రేంజ్ సెర్చ్‌కి దొరకవు. గణిత గుర్తుల సంగతి వేరు, వాటిలో చాలావరకు 128కి పైన ఉన్నాయి. గుణకారం గుర్తు × పోయిన చోట ´ అనే చిన్న గీత వస్తుంది. ≤ పోయిన చోట పౌండ్ గుర్తు £ వస్తుంది. ≥ కాస్తా ³ అవుతుంది. వీటి దగ్గర సెర్చ్ కచ్చితంగా ఆగుతుంది. డిగ్రీ °, ప్లస్-మైనస్ ± రెండు పట్టికల్లోనూ ఒకే స్థానంలో ఉండటంతో చెక్కుచెదరకుండా వస్తాయి. ‘మిగతావన్నీ బాగానే వచ్చాయి కదా’ అన్న భరోసా కలిగేది ఇక్కడే, మ్యూ జారిపోయేదీ ఇక్కడే.

కాబట్టి నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌కి రాకముందే వర్డ్‌లో ఒక తనిఖీ తప్పదు. కంట్రోల్ హెచ్ నొక్కి, ‘ఫైండ్ వాట్’ గడిని ఖాళీగా ఉంచి, మోర్, ఫార్మాట్, ఫాంట్ మీదుగా వెళ్లి సింబల్ ఎంచుకుని ఫైండ్ నెక్స్ట్ కొట్టాలి. సింబల్ ఫాంటు తొడిగిన అక్షరాలు వరసగా చిక్కుతాయి. ఒక్కొక్కటీ చెరిపి ఆల్ట్ పట్టుకుని నంబర్ ప్యాడ్ మీద 0181 కొడితే నిజమైన మైక్రో గుర్తు వస్తుంది. నంబర్ ప్యాడ్ లేని ల్యాప్‌టాప్‌లో ఇది కుదరదు. ఇన్సర్ట్ సింబల్ ద్వారా పెట్టినవి ఈ వెతుకులాటకు చిక్కకపోవచ్చు. అవి ప్లెయిన్ టెక్స్ట్‌లో ఖాళీ డబ్బాగా వస్తే మాత్రం రేంజ్ సెర్చ్ పట్టేస్తుంది. అంటే రెండు వలలూ వేయాల్సిందే.

అబ్‌స్ట్రాక్ట్ వరకు ఇంకా తేలికైన దారి మ్యూనే వాడకపోవడం. ‘45 మైక్రాన్’ అని మాటల్లో రాస్తే ఏ పోర్టల్‌లోనూ చెడదు, ఐఎస్ కోడ్ కూడా మైక్రాన్ అనే అంటుంది. ‘20–40 శాతం’ మధ్య ఉండే పొడుగు డాష్ కొన్ని సిస్టమ్‌లలో ప్రశ్నార్థకం అవుతుంది, కొన్నిట్లో మాయమై ‘2040 శాతం’ మిగులుతుంది. అక్కడ ‘20 టు 40’ అనే రాయాలి. క్లోరైడ్ డిఫ్యూజన్ కోఎఫిషియెంట్ ‘4.2 × 10⁻¹²’ అని ఉంటే, సూపర్‌స్క్రిప్ట్ పోయాక ‘10-12’ అవుతుంది, చదివేవాళ్లు పది నుంచి పన్నెండు అనుకుంటారు. పోర్టల్‌లో సూపర్‌స్క్రిప్ట్ బటన్ ఉంటే వాడండి. లేదంటే ఆ విలువని పేపర్ లోపలికి పంపి, అబ్‌స్ట్రాక్ట్‌లో కంట్రోల్ మిక్స్ (పోలిక కోసం చేసే మామూలు మిశ్రమం) కంటే ఎంత శాతం తగ్గిందో చెప్పండి. నన్నడిగితే చదివేవాడికి అదే ఎక్కువ ఉపయోగం కూడా.

పదాల లెక్క విషయంలో మొదట్లో దీన్ని అందరికీ తెగ సిఫారసు చేశాను, ఇప్పుడంతగా చేయడం లేదు. వ్యూ మెనూలో ‘సమ్మరీ’ నొక్కితే పదాలు, అక్షరాలు చూపిస్తుంది. కానీ అది చుక్క దగ్గరా, హైఫన్ దగ్గరా మాటని విరగ్గొట్టి లెక్కేస్తుంది. 0.45 దాని లెక్కలో రెండు పదాలు. ‘28-డే’ కూడా రెండే. వర్డ్ ఖాళీని బట్టి లెక్కేస్తుంది కాబట్టి ఆ రెండూ చెరొకటి. మిక్స్ నిష్పత్తులు, స్ట్రెంత్ విలువలు దట్టంగా ఉండే మెటీరియల్స్ అబ్‌స్ట్రాక్ట్‌లో ఈ తేడా బాగానే కనిపిస్తుంది. ఐట్రిపుల్ఈ, స్ప్రింగర్ జర్నళ్లలో మామూలుగా ఉండే హద్దు 150 నుంచి 250 పదాలు, ఎండీపీఐ వాళ్లది సుమారు 200. ఇక్కడ ఎక్కువగా చూపిస్తుంది కాబట్టి పై హద్దుకి భయం లేదు గానీ, మంచి వాక్యాన్ని అనవసరంగా కోసేసుకునే ప్రమాదం ఉంది. పదాలకు వర్డ్‌నే నమ్మండి.

అక్షరాల లెక్కలో మాత్రం దీనికి ఢోకా లేదు. ఆర్కైవ్ (arXiv) అనే సైట్‌లో ప్రీప్రింట్ (జర్నల్‌లో రాకముందు పెట్టే ప్రతి) పెట్టేవాళ్లకు అబ్‌స్ట్రాక్ట్ 1920 అక్షరాలు దాటకూడదు, పైగా అక్కడ ఆస్కీ అక్షరాలే తీసుకుంటారు. ఆ రెండు షరతులూ ఇక్కడే, ఒకే కిటికీలో తేలిపోతాయి.

అనుకోకుండా దొరికిన వరం ఎల్సెవియర్ జర్నళ్లు అడిగే హైలైట్స్ (పేపర్ ముఖ్యాంశాలు) దగ్గర. మూడు నుంచి ఐదు వాక్యాలు, ఒక్కోటి ఖాళీలతో కలిపి 85 అక్షరాలు మించకూడదు. వర్డ్‌లో ఒక్కో లైన్ సెలెక్ట్ చేసి లెక్క చూడటం విసుగు పని. ఇందులో ప్రిఫరెన్సెస్‌లో ‘మార్జిన్స్’ పేరుతో ఉన్న పేజీలో వర్టికల్ ఎడ్జ్‌కి 85 ఇస్తే తెర మీద నిలువు గీత పడుతుంది. లైన్ ఆ గీత దాటిందంటే హైలైట్ పొడుగైనట్టే. వర్డ్ ర్యాప్ తీసేయాలి, ఫాంటు కొరియర్ న్యూ లాంటి సమాన వెడల్పు ఫాంటై ఉండాలి. లేకపోతే గీత అబద్ధం చెబుతుంది. మా ల్యాబ్‌లో హైలైట్స్ ఇప్పుడు నేరుగా ఇందులోనే రాస్తున్నారు. గీత కళ్లెదురుగా ఉండేసరికి ‘యాన్ ఎక్స్‌పెరిమెంటల్ ఇన్వెస్టిగేషన్ వజ్ క్యారీడ్ ఔట్’ లాంటి ఊకదంపుడు మొదటి చిత్తులోనే రాలిపోతోంది. ఫార్మాటింగ్ కోసం పెట్టుకున్న పనిముట్టు రాతని కూడా బాగు చేయడం నాకు బాగా నచ్చింది.

కొన్ని చిన్న ఇబ్బందులున్నాయి. రేంజ్ సెర్చ్ ఒక్కో గుర్తు దగ్గరే ఆగుతుంది, అన్నిటికీ ఒకేసారి రంగు పూయదు. అలా కావాలంటే ‘మార్క్’ ట్యాబ్‌లో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ (ఏం వెతకాలో చెప్పే సంకేతాల వరస) రాసుకోవాలి, మెకానికల్ స్కాలర్లకు అది నేర్పడం అంత సులువు కాదు. ‘ర్యాప్ అరౌండ్’ పెట్టుకోకపోతే కర్సర్ ఉన్న చోటు నుంచి కిందికే వెతుకుతుంది, పైన ఉన్నవి మిగిలిపోతాయి. ఇది విండోస్‌కి మాత్రమే, మ్యాక్ వాళ్లు ఇంకో ఎడిటర్ చూసుకోవాలి.

మావి సిమెంటు, బూడిద, మట్టి పేపర్లు. అబ్‌స్ట్రాక్ట్‌లో గుర్తులు తక్కువ, ఉన్నవాటిని కూడా మాటల్లోకి మార్చుకోవచ్చు. అందుకే ఈ పద్ధతి మాకు ఇంత బాగా కుదిరింది. కంట్రోల్ సిస్టమ్స్, యాంటెనాల మీద పనిచేసే వాళ్లకు అబ్‌స్ట్రాక్ట్‌లోనే ఒమేగా, ల్యాంబ్డా తప్పవు. అవి నిజమైన యూనికోడ్ గుర్తులైనా సెర్చ్ ప్రతిదాని దగ్గరా ఆగుతుంది, ఏది ఉంచాలో ఏది తీయాలో మీరే తేల్చుకోవాలి. వాళ్లకు దీనికంటే పోర్టల్ చివర్లో కట్టి ఇచ్చే ప్రూఫ్ పీడీఎఫ్‌ని, అబ్‌స్ట్రాక్ట్ డబ్బాని పక్కపక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చూడటమే మేలు. ఇది వాడుతున్నా మేమూ అప్రూవ్ బటన్ నొక్కే ముందు ఆ పని మానలేదు. ముఖ్యంగా అంకె పక్కన ‘ఎం’ కనిపించిన ప్రతి చోటా ఆగుతాం.