ఇంట్లో కాచిన పగుళ్ల మందు: నాలుగు చలికాలాలు వాడాక

కాకినాడలో ఉన్నన్నాళ్లూ కాళ్లు పగలడమంటే ఏమిటో నాకు తెలీదు. పెళ్లయి ఆదిలాబాద్ వచ్చిన మొదటి డిసెంబర్‌లోనే మడమలు బీటలు వారాయి. రాత్రి కాలు కదిపితే దుప్పటి దారాలు పట్టుకుని లాగేవి. కొన్న క్రీములు మూడు మార్చి, విసుగొచ్చి నేనే కాచుకోవడం మొదలుపెట్టాను. ఇది నాలుగో చలికాలం.

ఇప్పుడు స్థిరపడిన కొలత ఇది: నువ్వుల నూనె 60 గ్రాములు, ఇప్ప నూనె 40, తేనె మైనం 20, పసుపు అర చెంచా. ఇప్ప నూనె ఇక్కడి గూడేల్లో వంటకీ ఒంటికీ కూడా వాడతారు. అత్తమ్మ తెలిసినవాళ్ల దగ్గర తెప్పిస్తుంది. చలికి నెయ్యిలా పేరుకుంటుంది. అది దొరకనప్పుడు కొబ్బరి నూనె వేస్తాను. నూనెల్లో పసుపు కలిపి, ఆ గిన్నెను మరుగుతున్న నీళ్లలో పెట్టి ఇరవై నిమిషాలు ఉంచుతాను. నూనెను పాత పంచె గుడ్డలో వడకట్టి మళ్లీ నీళ్ల మీద పెట్టి మైనం వేస్తాను. మైనం కరగడానికి 60 డిగ్రీలు దాటాలి కాబట్టి ఓపిక కావాలి. తొందరపడి నేరుగా మంట మీద పెట్టొద్దు. కరిగాక స్టీలు డబ్బాల్లో పోయడమే. మొదటిసారి వడకట్టలేదు. పసుపంతా అడుక్కి చేరి, డబ్బా సగమయ్యాక ఇసుకలా గీరుకుంది. గిన్నెకి అంటిన మైనాన్ని వేడి నీళ్లు పోసి సింకులో వదిలితే పైపులో గడ్డకడుతుంది. వేడిగా ఉండగానే పేపరుతో తుడిచేయాలి. దీనికోసం ఒక పాత గిన్నె కేటాయించుకుంటే ఇంట్లో గొడవలుండవు.

రెండో ఏడు చేసిన తప్పు మాత్రం పెద్దది. కలబంద గుజ్జు కలిపితే మంచిదని ఎవరో అంటే రెండు చెంచాలు వేశాను. గుజ్జు నూనెలో కలవలేదు, చుక్కలు చుక్కలుగా నిలిచింది. మూడో వారానికి డబ్బా అంచున నల్లగా బూజు. నీరున్న సరుకు ఏది పడినా ఇంతే, మనం నిల్వ మందులేవీ వేయం కదా. నీరు తగలనిది ఆరు నెలలు బాగానే ఉంటోంది. ముక్కిన వాసన వస్తే పారేస్తాను.

పనిచేస్తుందా అంటే, మొదటి ఏడు అంతంతమాత్రమే. పొడి కాళ్లకి రాసి మేజోళ్లు వేసుకునేదాన్ని. అత్తమ్మ చూసి, ‘కాళ్లు కడుక్కుని తడి ఉన్నప్పుడే రాస్కోవాలె బిడ్డా’ అంది. తేడా అక్కడే వచ్చింది. ఈ మైనం చర్మానికి తడి ఇవ్వదు, ఉన్న తడిని పోనివ్వదు. పది నిమిషాలు గోరువెచ్చని నీళ్లలో కాళ్లు పెట్టి, పైపైన గుడ్డతో ఒత్తి ఈ మందు రాస్తే రెండు వారాల్లో పగుళ్లు మూసుకున్నాయి. నిజం చెప్పాలంటే తడిని ఆపడంలో మామూలు పెట్రోలియం జెల్లీ దీనికంటే గట్టిది. నాకు ఆ జిడ్డు పడదు, అందుకే ఇది.

పెదాలకి పసుపు లేకుండా వేరే డబ్బా చేస్తాను. మొహానికి మాత్రం వద్దు. కొబ్బరి నూనెతో చేసినది వారం రాసేసరికి గడ్డమంతా మొటిమలు. లోతుగా చీలి రక్తం వచ్చే పగుళ్ల మీదా రాయను. షుగర్ ఉన్నవాళ్లు కాలి పగుళ్లకి ఇలాంటివి నమ్ముకోకుండా డాక్టరుకి చూపించుకోవాలి.

మే నెలలో పుట్టింటికి పట్టుకెళ్తే సంచిలో మెత్తబడి చీరకి నూనె కారింది. వేసవికి మైనం 30 గ్రాములు వేయాలని అప్పుడు తెలిసింది. పసుపు మరక తెల్ల మేజోళ్లకి అంటితే వదలదు. మా అమ్మాయికైతే ఇప్ప నూనె వాసనే పడదు. ఆమె డబ్బా కొబ్బరి నూనెతో, నాది ఇప్ప నూనెతో. రెండింటి మీదా పేర్లు రాసి పెట్టాం.