రోమింగ్ ప్యాక్, ఈసిమ్, లోకల్ సిమ్: మూడూ ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

ముందే చెప్పేస్తాను, విదేశాలకి వెళ్లినప్పుడు ఇండియా సిమ్ మీద డేటా వాడటం నేను దాదాపు మానేశాను. సిమ్ ఫోన్లోనే ఉంటుంది, ఆన్‌లోనే ఉంటుంది, బ్యాంకు ఓటీపీలు వస్తాయి, దాని పని అంతవరకే. డేటా అంతా ట్రావెల్ ఈసిమ్ (కార్డు లేకుండా ఫోన్లోకే డౌన్‌లోడ్ అయ్యే సిమ్) మీద, ఎక్కువ రోజులుండాల్సి వస్తే అక్కడి లోకల్ సిమ్ మీద. ఉద్యోగం పని మీద దుబాయ్, మస్కట్, సింగపూర్ తిరుగుతుంటాను, మధ్యలో యూరప్ కూడా తగులుతుంది. అక్కావాళ్లు న్యూజెర్సీలో ఉంటారు, అమ్మానాన్నా అక్కడికి వెళ్తే వాళ్ల ఫోన్ల బాధ్యత నాది, ఎందుకంటే కనెక్షన్లు నా పేరు మీదే ఉన్నాయి, బిల్లు వచ్చేది నాకే.

ఏది చౌక అని అందరూ అడుగుతారు. నాకు మాత్రం ఇప్పుడు ముఖ్యం అది కాదు. అన్నీ తేడా కొడితే జేబులోంచి గరిష్ఠంగా ఎంత పోతుంది, అది చూస్తాను. ఈసిమ్‌లో కట్టిన డబ్బు కంటే పైసా ఎక్కువ పోదు. ప్రీపెయిడ్ సిమ్‌లో ఉన్న బ్యాలెన్స్ పోతుంది, అంతే. పోస్ట్‌పెయిడ్ రోమింగ్‌లో మాత్రం పైన కప్పు లేదు. కంపెనీ పెట్టిన క్రెడిట్ లిమిట్ ఉంటుంది కదా అంటారు, ఉంటుంది, కానీ అక్కడి నెట్‌వర్క్ నుంచి మన కంపెనీకి వాడకం లెక్కలు వచ్చేసరికి గంటలు పట్టొచ్చు, పూర్తి బిల్లింగ్ లెక్కలకైతే రోజులు కూడా పడతాయి. ఆ లోపు ఖర్చు తడిసి మోపెడవుతుంది.

అలాగని రోమింగ్ ప్యాక్ పనికిరానిది అనను. రెండు మూడు రోజుల ట్రిప్పుకి అంత సుఖం మరోటి లేదు, విమానం దిగి ఫ్లైట్ మోడ్ తీయగానే పనిచేస్తుంది, నంబర్ మారదు, ఏ సెట్టింగూ ముట్టుకోనక్కర్లేదు. గల్ఫ్‌లో ఇంకో లాభం కూడా ఉంది, చాలామందికి తెలియదు. దుబాయ్ లోకల్ సిమ్ మీద వాట్సాప్ మెసేజ్‌లు వెళ్తాయి కానీ వాట్సాప్ కాల్ కలవదు, అక్కడ దానికి అనుమతి లేదు. అదే ఇండియా సిమ్ రోమింగ్‌లో ఉంటే కాల్ శుభ్రంగా కలుస్తుంది. కారణం ఏమిటంటే రోమింగ్ డేటా మామూలుగా అక్కడి ఇంటర్నెట్‌లోకి నేరుగా వెళ్లదు, ముందు మన కంపెనీ దగ్గరికి ఇండియాకి వచ్చి, ఇక్కడి నుంచి బయటికి వెళ్తుంది. వెబ్‌సైట్ల దృష్టిలో మీరు ఇంకా ఇండియాలోనే ఉన్నట్టు లెక్క. అందుకే మన ఓటీటీ యాప్‌లు కూడా గొణక్కుండా నడుస్తాయి. అంత దూరం వెళ్లి రావాలి కాబట్టి స్పీడ్ కాస్త నీరసంగా ఉంటుంది, వీడియో మీటింగ్‌లో ఎదుటివాళ్ల మాట ఒక్క క్షణం ఆలస్యంగా వినిపిస్తుంది. అది నేను భరించగలను.

భరించలేనిది నయాగరా బిల్లు.

అమ్మానాన్నా వెళ్లినప్పుడు అమ్మ ఫోన్‌కి అమెరికా ప్యాక్ వేయించాను. కంపెనీ పేరు చెప్పను, పెద్ద కంపెనీయే. బావ అందరినీ కార్లో నయాగరా తీసుకెళ్లాడు, న్యూజెర్సీ తెలుగువాళ్ల ఇంటికి అమ్మానాన్నలు వచ్చారంటే ఆ యాత్ర తప్పదు కదా. వాళ్లు కెనడాలోకి అడుగు పెట్టలేదు, వాళ్ల దగ్గర కెనడా వీసానే లేదు. అమెరికా వైపు రెయిలింగ్ దగ్గర నిలబడి ఫోటోలు తీసుకున్నారు. నది అవతలి గట్టు కెనడా, అటువైపు హోటళ్లు కంటికి కనిపిస్తుంటాయి. అటు టవర్ సిగ్నల్ బలంగా ఉందో ఏమో ఫోన్ దాన్ని పట్టుకుంది. ఫోన్‌కి వీసా అక్కర్లేదు. ప్యాక్ అమెరికాకే, కెనడా దాంట్లో లేదు, డేటా రోమింగ్ ఆన్‌లోనే ఉంది, ఇక స్టాండర్డ్ రేటు మీటర్ మొదలైంది. గూగుల్ ఫోటోస్ బ్యాకప్ ఒక పక్క, ఫ్యామిలీ గ్రూపులో వాటర్‌ఫాల్ వీడియోలు ఇంకో పక్క. "వెల్‌కమ్ టు కెనడా" అని మెసేజ్ వచ్చింది, అమ్మ దాన్ని చూసి ప్రకటన అనుకుని పక్కకి తోసేసింది. ఇంగ్లీషులో వచ్చే ఆ మెసేజ్ పెద్దవాళ్లకి హెచ్చరికలా కనపడుతుందని కంపెనీలు ఎలా అనుకుంటాయో నాకు అర్థం కాదు.

బిల్లు పీడీఎఫ్ చూసి గుండె గుభేలుమంది. ఐటమైజ్డ్ పేజీలో ఒకే మధ్యాహ్నానికి వరుసగా లైన్లు, దేశం గడిలో కెనడా, పక్కన నెట్‌వర్క్ పేరు, వాడకం కేబీల్లో, చివర రూపాయలు. పది కేబీ ఒక పల్స్, అంటే ఛార్జి లెక్కకట్టే కొలత. వాడింది పదకొండు కేబీ అయినా ఇరవైకి కట్టాలి. మధ్యలో అరగంట అమెరికా నెట్‌వర్క్ లైన్లు, వాటి ఎదురుగా సున్నా, మళ్లీ కెనడా. అంటే వాళ్లు రెయిలింగ్ దగ్గరికి వెళ్లినప్పుడల్లా ఫోన్ అటు దూకింది, వెనక్కి పార్కులోకి వచ్చినప్పుడు ఇటు వచ్చింది. ఆ పేజీ చదువుతుంటే వాళ్ల నడక మొత్తం కనిపించింది నాకు.

ఎంబీకి వంద రూపాయలే అనుకుని లెక్క వేసి చూడండి. వాట్సాప్‌లో వచ్చే పదహారు ఎంబీల వీడియో ఒకటి తెరుచుకుంటే పదహారు వందలు. ఒక జీబీ అయితే లక్ష దాటుతుంది. ప్యాక్ లేని దేశాల్లో అసలు రేటు ఎంతో మీ కంపెనీ టారిఫ్ పేజీలో ఒకసారి చూడండి, మాటలు రావు.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే మొదట "సిస్టమ్‌లో కెనడా వాడినట్టు ఉంది సర్" అని ఒకటే పాట. నేను డాకెట్ నంబర్, అంటే కంప్లైంట్ నంబర్, తీసుకున్నాను, వాళ్లు కంప్లైంట్ క్లోజ్ చేశాక అప్పీలు వేశాను. ఇది చాలామంది చేయరు, అక్కడే వదిలేస్తారు. ప్రతి టెలికాం కంపెనీకీ అప్పిలేట్ అథారిటీ అని ఉంటుంది, ముప్ఫై రోజుల్లోపు అప్పీలు వేయాలి, దానికి ఫీజు లేదు, ముప్ఫై తొమ్మిది రోజుల్లో తేల్చాలి. నేను పెట్టినవి ఇవే: పాస్‌పోర్ట్‌లో కెనడా ముద్ర లేని పేజీలు, ఫోటోల్లో లొకేషన్, టైమ్ కనిపించే స్క్రీన్‌షాట్లు, బిల్లులో అమెరికా లైన్లూ కెనడా లైన్లూ నిమిషాల తేడాతో మారిన చోట హైలైటర్ గీత. మనిషి నది దాటకుండా దేశం అన్నిసార్లు ఎలా మారుతుందని అడిగాను. డబ్బులో చాలా భాగం తర్వాతి బిల్లులో క్రెడిట్ వచ్చింది, మొత్తం కాదు. "గుడ్‌విల్" కింద ఇస్తున్నామని రాశారు, తప్పు మాదని మాత్రం ఎక్కడా రాయలేదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌కి రాస్తే సరిపోతుందని కొందరు సలహా ఇస్తారు, వ్యక్తిగత కంప్లైంట్లు ట్రాయ్ తేల్చదు, కంపెనీకే పంపిస్తుంది. అప్పీల్లో కూడా తేలకపోతే 1915 నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ ఉంది, ఆ పైన కన్స్యూమర్ కమిషన్. టెలికాం గొడవలు కన్స్యూమర్ కమిషన్‌లో నడవవని కంపెనీలు వాదించేవి, 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు నడుస్తాయని చెప్పేసింది.

యూరప్ వాళ్లని చూస్తే కుళ్లు పుడుతుంది. అక్కడి కస్టమర్‌కి డేటా రోమింగ్ యాభై యూరోలు చేరగానే, తను వేరేగా చెప్పకపోతే, కంపెనీ ఆపేయాలి, ఈ రూల్ 2010 నుంచే ఉంది. 2017 జూన్ నుంచి ఈయూ (యూరోపియన్ యూనియన్) లోపల రోమింగ్‌కి అదనపు ఛార్జీలే లేవు. కాబట్టి పారిస్‌లో కొన్న సిమ్ ఇటలీలోనూ జర్మనీలోనూ మామూలుగా నడుస్తుంది. కాకపోతే మన టూర్ బ్యాచ్‌లన్నీ తప్పకుండా వెళ్లే స్విట్జర్లాండ్ ఈయూలో లేదు, ఆ రూల్ దానికి వర్తించదు. మీ సిమ్ కంపెనీ దాన్ని కలుపుకుందో లేదో కొనేటప్పుడే అడగాలి, యుంగ్‌ఫ్రావ్ రైలెక్కాక అడిగితే లాభం లేదు. బ్రిటన్ సంగతి కూడా అంతే.

ఇక ఈసిమ్. ఇంట్లో వైఫై మీద క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పెట్టేసుకుంటాను, దిగాక ఆన్ చేస్తాను. నాకిది హాయిగా ఉంది, కానీ లోపాలూ చెప్పాలి. చాలావాటిలో కాల్ చేసే నంబర్ ఉండదు, డేటా ఒక్కటే, అంటే హోటల్‌కి ఫోన్ చేయాలన్నా వాట్సాప్ లాంటిదే దిక్కు. "అన్‌లిమిటెడ్" అన్నవి రోజుకి ఇంత అని వాడాక స్పీడ్ పడిపోతాయి, మ్యాప్ తెరుచుకోవడానికి కూడా మీనమేషాలు లెక్కపెడతాయి. కొన్నింటిలో హాట్‌స్పాట్ పనిచేయదు. పొరపాటున డిలీట్ చేస్తే చాలాసార్లు అదే కోడ్‌తో మళ్లీ ఎక్కదు. ఇంకోటి, 2024 జనవరిలో ఈసిమ్‌లు అమ్మే ఐరాలో (Airalo), హోలాఫ్లై (Holafly) యాప్‌లని మన దేశపు యాప్ స్టోర్లలోంచి ప్రభుత్వం తీయించింది. అప్పటినుంచి ఏదైనా ఈసిమ్ కొనేముందు ఇక్కడ అనుమతి ఉందో లేదో చూసుకునే కొంటున్నాను.

ఈసిమ్ పెట్టుకుంటే ఇండియా సిమ్ గొడవ పోయినట్టే అనుకోకండి. రెండు సెట్టింగులు చూడాలి. ఇండియా లైన్‌కి డేటా రోమింగ్ ఆఫ్ ఉండాలి. అలాగే ఐఫోన్‌లో సెల్యులర్ డేటా స్విచింగ్ అని ఒకటి, కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో ఆటో డేటా స్విచింగ్ అని ఒకటి ఉంటాయి, ఒక సిమ్ సిగ్నల్ తగ్గితే ఫోన్ తనంతట తానే రెండో సిమ్ డేటాకి మారిపోతుంది. అది కూడా ఆఫ్ చేయాలి. ఐఫోన్‌లో సిమ్‌లు మార్చినప్పుడు ఐమెసేజ్ (యాపిల్ వాళ్ల మెసేజింగ్) యాక్టివేషన్ కోసం మనకి చెప్పకుండా ఒక విదేశీ ఎస్సెమ్మెస్ వెళ్తుంది, దానికీ ఛార్జి పడుతుంది, చిన్నదే అయినా చిరాకు. సిమ్‌ని మాత్రం బయటికి తీయొద్దు. యూపీఐ యాప్‌లు సిమ్ ఫోన్లో లేదని గమనిస్తే మళ్లీ రిజిస్టర్ చేసుకోమంటాయి, దానికి అదే నంబర్ నుంచి ఎస్సెమ్మెస్ వెళ్లాలి. ఓటీపీ ఎస్సెమ్మెస్ అందుకోవడానికి నాకు ఇంతవరకు డబ్బు పడలేదు. కాల్ ఎత్తితే మాత్రం పడుతుంది. పర్సనల్ లోన్ కావాలా సర్ అని మస్కట్‌లో తెల్లవారుజామున ఒకమ్మాయి ఫోన్ చేస్తే, వద్దు అని చెప్పడానికి కూడా నిమిషం ఛార్జి కట్టాను.

విమానంలోనూ ఓడలోనూ సంగతి వేరు. ఏరోమొబైల్ లాంటి నెట్‌వర్క్‌లు గాల్లో ఉన్నప్పుడే ఫోన్‌ని పట్టుకుంటాయి, సింగపూర్ క్రూజ్‌లో అయితే ఓడ మీది శాటిలైట్ నెట్‌వర్క్ పట్టుకుంటుంది. దేశాల ప్యాక్‌లు వీటికి చెల్లవు, వేరే ప్యాక్ కావాలి. ఓడ ఎక్కగానే ఫ్లైట్ మోడ్, పైన వైఫై, నాది ఇదే పద్ధతి. మన పెద్దవాళ్లు కాశీ యాత్రతో కలిపి నేపాల్ వెళ్తారు చూడండి, పశుపతినాథ్ దర్శనానికి, అక్కడ కూడా రోమింగే. పాస్‌పోర్ట్ అడగలేదు కాబట్టి ఫోన్‌కి కూడా మన దేశమే అనుకుంటారు పాపం.

అమ్మ కనెక్షన్ ఇప్పుడు ప్రీపెయిడ్. అమెరికా వెళ్లేముందు కావలసిన ప్యాక్, పైన కాస్త బ్యాలెన్స్. బోర్డర్ దగ్గర ఊళ్లకి వెళ్లేటప్పుడు బావ నెట్‌వర్క్ సెలెక్షన్‌ని మాన్యువల్‌లో పెట్టి అమెరికా కంపెనీని ఎంచుతాడు, లేదా డేటానే ఆపేస్తాడు. నాన్నకి అక్క కొనిచ్చిన ఐఫోన్‌తో కొత్త తలనొప్పి వచ్చింది. ఐఫోన్ 14 నుంచి అమెరికాలో అమ్మేవాటికి సిమ్ పెట్టే ట్రేనే ఉండదు. మన ఫిజికల్ సిమ్‌ని ఈసిమ్‌గా మార్చుకోవాలి, ఆ మార్పిడి ధ్రువీకరణ మెసేజ్‌లు పాత సిమ్‌కే వస్తాయి, కాబట్టి ఇక్కడ ఉండగానే, చేతిలో నాలుగు రోజులు ఉంచుకుని చేయించుకోండి. ఎయిర్‌పోర్ట్‌కి బయల్దేరే రోజు పెట్టుకుంటే మాత్రం సిగ్నల్ లేని ఫోన్‌తో విమానం ఎక్కాల్సి వస్తుంది.