చెమటా, వగర్పా?

మే నెల మధ్యాహ్నం. అరుగు మీద నేను, అరుగు కింద మా కుక్క. నా చొక్కా వీపుకి అతుక్కుపోయింది. దాని ఒంటి మీద చుక్క తడి లేదు, నాలుక మాత్రం బారెడు బయటపెట్టి వగరుస్తోంది.

మన చర్మంలో 20 లక్షలకు పైగా స్వేదగ్రంథులుంటాయి. చెమట ఆరుతూ ఒంటి వేడిని లాక్కుపోతుంది. ఒళ్లంతా పనిచేస్తుంది కాబట్టి పరిగెడుతూనే చల్లబడగలం. పోయేది నీళ్లే కాదు, ఉప్పు కూడా. ఉప్పేసిన మజ్జిగ అందుకే అంత హాయి.

కుక్కకి అలాంటి గ్రంథులు ముఖ్యంగా అరికాళ్ల మెత్తల్లోనే. బాగా వేడెక్కితే గచ్చు మీద తడి అడుగులు కనిపిస్తాయి. అసలు భారమంతా నాలుక, నోరు, ముక్కులోని తడి మీదే. నిమిషానికి 200 సార్లు పైగా వగర్చగలదు. ఉప్పు పోదు, కానీ చల్లబడే చోటు చిన్నది. చప్పిడి ముక్కు పగ్‌లకైతే మరీ కష్టం.

ఎండలో మన పద్ధతే మెరుగని నా అభిప్రాయం. పగటిపూట కుక్కని వాకింగ్‌కి లాక్కెళ్లకండి.