అనదర్ వరల్డ్ రివ్యూ: చచ్చి చచ్చి నేర్చుకోవాలి, అయినా ఆడాల్సిందే

పాత గేముల్లో ఏదో ఒక్కటి చెప్పమంటే నేను ఆలోచించకుండా చెప్పే పేరు అనదర్ వరల్డ్. 1991లో వచ్చింది. ఎరిక్ షాయి అనే ఫ్రెంచ్ ఆయన కథ, బొమ్మలు, ప్రోగ్రామింగ్ దాదాపు అన్నీ ఒంటిచేత్తో రెండేళ్ల పాటు చేసుకుంటూ వచ్చాడు, సంగీతం మాత్రం జాన్ ఫ్రాన్స్వా ఫ్రేటాస్ ఇచ్చాడు, డెల్ఫిన్ సాఫ్ట్‌వేర్ వాళ్లు విడుదల చేశారు. అమెరికాలో దీన్నే అవుట్ ఆఫ్ దిస్ వరల్డ్ అన్నారు కాబట్టి వేరే గేమేమో అనుకోకండి.

లెస్టర్ అనే సైంటిస్ట్ రాత్రిపూట కారేసుకుని ల్యాబ్‌కి వస్తాడు, పార్టికల్ యాక్సిలరేటర్‌లో (అణువుల కంటే చిన్న కణాల్ని మహా వేగంగా పరిగెత్తించే యంత్రం) ప్రయోగం మొదలుపెడతాడు, సరిగ్గా అప్పుడే పిడుగు పడుతుంది. టేబుల్‌తో సహా మనిషి మాయం! కళ్లు తెరిచేసరికి వేరే లోకంలో, నీళ్ల అడుగున ఉంటాడు. సినిమాలా దానంతటదే నడిచే సీన్ అయిపోయింది, ఇక ఆడేది నువ్వే అని ఎవరూ చెప్పరు. స్కోరు లేదు, ఎంత ప్రాణం మిగిలిందో చూపించే లైఫ్ బార్ లేదు, తెర మీద ఒక్క అక్షరం ఉండదు. ఇంకా సీన్ నడుస్తోందనుకుని అలాగే కూర్చుంటే కింద నుంచి ఏవో చేతుల్లాంటివి వచ్చి లోపలికి లాక్కుపోతాయి. వెంటనే పైకి ఈదాలి. గట్టెక్కాక నేల మీద నల్లగా జలగల్లాంటి పురుగులు, వాటిలో ఒక్కటి కరిచినా అంతే సంగతులు, వాటిని దాటామనుకునేలోపు సింహమంత నల్ల మృగం వెంటపడుతుంది.

బొమ్మల గురించి చెప్పాలి. అప్పట్లో చాలా గేములు చుక్క చుక్కగా గీసిన బొమ్మల్ని తెర మీద అతికించేవి. షాయి వాటి బదులు చదునైన పాలిగన్‌లు, అంటే గీతలతో మూసి రంగు నింపిన ఆకారాలు వాడాడు, ఒకసారి తెర మీద కనిపించేవి 16 రంగులే. కదలికల కోసం తనే కెమెరా ముందు నడిచి, పరిగెత్తి, ఆ వీడియో మీద గీసుకున్నాడు. మనలో చాలామంది స్కూల్ కంప్యూటర్ ల్యాబ్‌లో ఆడిన ప్రిన్స్ ఆఫ్ పర్షియాలో ప్రిన్స్ అంత సహజంగా గెంతడానికి కారణం కూడా ఇలాంటి పద్ధతే. లెస్టర్‌కి ముఖంలో కళ్లూ ముక్కూ సరిగ్గా కనిపించవు, అయినా వాడు పరిగెత్తే తీరు చూస్తేనే భయపడుతున్నాడని తెలిసిపోతుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైన సీన్ బోను సీన్. గాల్లో వేలాడే ఇనుప బోనులో, ఆ లోకం వాళ్లకి పట్టుబడ్డ లెస్టర్, వాడి పక్కన ఆ లోకం వాడే ఇంకో ఖైదీ, కింద తుపాకీ పట్టుకుని కాపలావాడు, వెనకాల గనిలో పని చేస్తున్న మిగతా ఖైదీలు. ఎడమకి, కుడికి నొక్కుతూ ఉంటే బోను ఊగుతుంది, కాపలావాడు కోపంతో పైకి కాలుస్తాడు, మనం ఆపకుండా ఊపితే గొలుసు తెగి బోను వాడి నెత్తిమీదే పడుతుంది. ఆ ఖైదీ లెస్టర్ భుజం మీద చెయ్యేసి ఏదో అంటాడు. ఏమన్నాడో మనకి అర్థం కాదు, కానీ ఇద్దరూ దోస్తులైపోయారని అర్థమవుతుంది. అక్కడి నుంచి వాడు తలుపు తెరిచే పనిలో ఉంటే మనం సైనికుల్ని ఆపుతాం, మనం ఇరుక్కున్న చోట వాడొచ్చి లాగుతాడు. ఒక్క డైలాగ్ అర్థం కాకుండా ఇంత స్నేహం చూపించిన గేమ్ నేనింకోటి ఆడలేదు. తర్వాత ఐకో అనే గేమ్ చేసిన ఫుమితో ఉయెదా మీద కూడా ఈ గేమ్ ప్రభావం ఉంది, ఆడితే ఎందుకో తెలుస్తుంది.

తుపాకీ కూడా భలే ఆలోచించి పెట్టాడు. ఉన్నది ఒకటే బటన్: టక్కున నొక్కితే లేజర్ దెబ్బ, కాస్త పట్టుకుని వదిలితే మన ఎదురుగా ఒక కవచం లేస్తుంది, ఇంకాసేపు పట్టుకుంటే ఆ కవచాల్నీ తలుపుల్నీ పగలగొట్టే పెద్ద దెబ్బ. ఎదుటివాడికీ ఇవే ఉంటాయి. దాంతో ప్రతి కాల్పుల సీనూ టెన్షనే, ఇప్పుడు కాల్చాలా, కవచం వెయ్యాలా అని.

ఇక లోపాలు. చాలాచోట్ల ముందు చస్తే తప్ప ఏం చెయ్యాలో తెలియదు. పై నుంచి ఏదో పడుతుంది, చస్తాం, రెండోసారి తప్పుకుంటాం, పది అడుగులు వేశాక ఇంకోటి. ఇది తెలివికి పరీక్ష కాదు, జ్ఞాపకశక్తికి పరీక్ష. గుహల్లో నీళ్ల భాగం మరీ అన్యాయం, ఎక్కడ ఏ రాయిని కాల్చాలో సూచన దాదాపు లేదు, ముందు చెయ్యాల్సింది వెనక చేస్తే మళ్లీ మొదటికే. చెక్‌పాయింట్‌లు (చస్తే మళ్లీ మొదలయ్యే చోట్లు) కొన్నిచోట్ల చాలా దూరంగా ఉంటాయి కాబట్టి దాటేసిన కాల్పుల సీన్‌నే మళ్లీ మళ్లీ ఆడాలి, అప్పుడు నిజంగా విసుగొస్తుంది. పాత వెర్షన్‌లో పరుగుకీ కాల్పులకీ ఒకే బటన్ కావడంతో కాలుద్దామనుకుంటే పరిగెత్తి శత్రువు ఒళ్లో పడతాం. పైగా గేమ్ చిన్నది. దారి తెలిసినవాళ్లు అరగంటలో ముగించేస్తారు, కొత్తవాళ్లకి కొన్ని గంటలు పడుతుంది.

కొనేవాళ్లు 20వ వార్షికోత్సవ ఎడిషన్ తీసుకోండి, ఆన్‌లైన్‌లో గేములు అమ్మే స్టీమ్‌లో ఉంది. మూడు డిఫికల్టీ లెవెల్స్ ఉన్నాయి, ఆడుతూనే పాత బొమ్మలకీ కొత్త బొమ్మలకీ మారొచ్చు. నా మాట వింటే పాత బొమ్మలతోనే, కంట్రోలర్ పెట్టుకుని ఆడండి. టచ్ స్క్రీన్ మీద ఆ బటన్‌ని సరిగ్గా ఎంతసేపు పట్టుకున్నామో వేలికి తెలియదు. గుహల దగ్గర ఇరుక్కుంటే యూట్యూబ్ చూసేయండి, అందులో తప్పేం లేదు. కానీ ఆఖరి సీన్ మాత్రం ముందే చూడొద్దు.