చిన్న కంపెనీల విలీనానికి ఫాస్ట్‌ట్రాక్ అనుమతి: దరఖాస్తుదారుగా నా సమీక్ష

ఒకే కుటుంబం చేతిలో ఉన్న రెండు చిన్న కంపెనీలను కలపదలచినవారు ఎన్‌సీఎల్‌టీ (జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్) గడప తొక్కకుండానే అనుమతి పొందే ఏర్పాటు 2013 కంపెనీల చట్టం 233వ సెక్షన్‌లో ఉంది. 2016 డిసెంబరు 15 నుంచి అమల్లో ఉన్న ఈ దారిలోనే హైదరాబాద్‌లోని మా తయారీ కంపెనీలో, దాని సరుకు అమ్మే కంపెనీని విలీనం చేశాం. సేవగా దీనికి మంచి మార్కులే వేస్తాను. కాకపోతే ఇందులోని వేగమంతా దరఖాస్తు పెట్టిన తరువాతే కనిపిస్తుందనీ, అంతకుముందు జరగవలసిన పనిని తక్కువగా అంచనా వేయకూడదనీ ముందే చెప్పాలి.

అసలు చిక్కు 90 శాతం నిబంధనలో ఉంది. ట్రిబ్యునల్ దారిలో వెళ్తే, ఓటు వేసినవారిలో ఎక్కువమంది, వాటాల విలువ ప్రకారం నాలుగింట మూడు వంతులు ఉన్నవారు మద్దతిస్తే చాలు. ఇక్కడ మాత్రం కంపెనీ మొత్తం వాటాల్లో కనీసం 90 శాతం ఉన్నవారు సర్వసభ్య సమావేశంలో ఆమోదించాలి. సమావేశానికి రానివారి వాటాలు కూడా లెక్కలో ఉంటాయి కాబట్టి, గైర్హాజరు వ్యతిరేక ఓటుతో సమానం. సభ్యుల రిజిస్టరు తెరిచి చూసినప్పుడు, కాలం చేసిన మా పెదనాన్నగారి పేరిట 12 శాతం వాటాలు అలాగే ఉన్నట్టు మా కంపెనీ సెక్రటరీ గుర్తించారు. వారసుల పేర్లకు మారేవరకు వాటిపై ఓటు వేసేవారు లేరు, మిగిలిన అందరూ ఒప్పుకున్నా 88 శాతమే అవుతుంది. నోటీసు పంపడానికి ముందే ఆ బదలాయింపు పూర్తిచేసి, అమెరికాలో ఉన్న అన్నయ్య నుంచి ప్రాక్సీ (తన బదులు మరొకరు ఓటు వేసేందుకు ఇచ్చే పత్రం) తెప్పించుకున్నాం. తెలుగువారి కుటుంబ కంపెనీల్లో ఇటువంటి పరిస్థితి సర్వసాధారణం కాబట్టి, విలీన పథకం రాయించడానికంటే ముందు సభ్యుల రిజిస్టరును సరిచూసుకోమని గట్టిగా చెబుతున్నాను.

రుణదాతల విషయంలో కూడా విలువ ప్రకారం పదింట తొమ్మిది వంతుల ఆమోదం అవసరమే అయినా, వారు రాతపూర్వకంగా అంగీకరించే వీలుండటం పెద్ద ఊరట. మాకు అప్పిచ్చిన బ్యాంకు ఆ ఉత్తరం ఇవ్వడానికి శాఖ నుంచి ప్రాంతీయ కార్యాలయానికి, అక్కడి నుంచి మరో విభాగానికి ఫైలు తిప్పింది. మొత్తం ప్రక్రియలో మమ్మల్ని ఎక్కువగా నిలబెట్టింది అదే.

మిగతా క్రమం స్పష్టంగా ఉంది. సీఏఏ-9 అనే ఫారంలో నోటీసు ద్వారా కంపెనీల రిజిస్ట్రార్, అఫీషియల్ లిక్విడేటర్ (కంపెనీల మూసివేత వ్యవహారాలు చూసే ప్రభుత్వ అధికారి)ల అభ్యంతరాలు కోరాలి. అప్పులు తీర్చగల స్తోమత ఉందని రెండు కంపెనీలూ సీఏఏ-10లో ప్రకటించాలి. సమావేశాల్లో ఆమోదం దొరికాక, నిబంధనల్లోని గడువులోగా పథకాన్ని సీఏఏ-11తో, కేంద్రం తరఫున అనుమతి ఇచ్చే రీజినల్ డైరెక్టర్‌కు దాఖలు చేయాలి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ కంపెనీలకు ఆ కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది.

2023 జూన్‌లో అమల్లోకి వచ్చిన సవరణను మనస్ఫూర్తిగా మెచ్చుకోవాలి. రిజిస్ట్రార్, లిక్విడేటర్ 30 రోజుల్లో అభ్యంతరం తెలపకపోతే, ఆ తరువాతి 15 రోజుల్లో రీజినల్ డైరెక్టర్ విలీనాన్ని ఖరారు చేసే ధ్రువీకరణ ఉత్తర్వు ఇవ్వవచ్చు. పథకం అందిన 60 రోజుల్లో ఏ ఉత్తర్వూ రాకపోతే, అభ్యంతరం లేనట్టే భావించి అనుమతి ఇవ్వాలి. గడువు నిబంధనల్లోనే ఉండటం వల్ల చిన్న వ్యాపారి తన ఆర్థిక సంవత్సరాన్ని ముందుగా ప్రణాళిక వేసుకోగలడు. 2025 సెప్టెంబరులో ఈ దారిని మరిన్ని రకాల కంపెనీలకు తెరవడం కూడా హర్షించదగినదే. అయితే 90 శాతం షరతు అలాగే మిగిలిపోయింది, దాన్ని సడలించవలసిన అవసరం ఉంది.

విలీనమైన కంపెనీ లిక్విడేషన్ (ఆస్తులు అమ్మి మూసివేసే) ప్రక్రియ లేకుండానే రద్దవుతుంది, అధీకృత మూలధనం (కంపెనీ జారీ చేయగల వాటాల గరిష్ఠ విలువ)పై అది గతంలో కట్టిన ఫీజు కొత్త ఫీజులో సర్దుబాటవుతుంది. ఈ రెండు వెసులుబాట్లూ మాకు నిజంగా ఉపయోగపడ్డాయి.

ఉత్తర్వు అందాక 30 రోజుల్లో దాన్ని ఐఎన్‌సీ-28 ఫారంతో రిజిస్ట్రార్‌కు దాఖలు చేయాలి. అక్కడితో కంపెనీల చట్టం పని తీరినా, మిగిలిన ఇన్‌పుట్ క్రెడిట్ (కొనుగోళ్లపై కట్టిన జీఎస్టీలో ఇంకా వాడుకోగల మొత్తం) బదలాయింపునకు జీఎస్టీ పోర్టల్‌లో ఐటీసీ-02 ఫారం వేరుగా వేయాలి. పీఎఫ్ ఖాతాలు, లైసెన్సులు, బ్యాంకు ఖాతాల కోసం అదే ఉత్తర్వు నకలు పట్టుకుని ఒక్కో కార్యాలయానికీ వెళ్లాలి. అనుమతి ఇచ్చిన పోర్టల్ నుంచే ఈ విభాగాలకు సమాచారం చేరే ఏర్పాటు చేస్తే, చిన్న కంపెనీలకు ఆడిటరు ఫీజు రూపంలో పడుతున్న భారం చాలావరకు తగ్గుతుంది.