సింధియా యార్డులో అప్రెంటిస్‌షిప్: డిప్లొమా పిల్లలకు నా రివ్యూ

1948లో 'జలఉష' ఓడ నీళ్లలోకి దిగిన, అప్పట్లో సింధియా యార్డుగా ఉన్న విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డులోనే నేను అప్రెంటిస్‌గా చేశాను. నాది మెకానికల్ డిప్లొమా.

నేర్చుకున్నదంతా దాదాపు హల్ షాపులోనే, అంటే ఓడ బాడీ తయారయ్యే చోట. వేడికి ప్లేటు వంకరపోతుందని కాలేజీలో చదివి మార్కులు తెచ్చుకున్నాం. కానీ వెల్డరు పొడవాటి జాయింటును ఒకే ఊపున లాగకుండా ముక్కలు ముక్కలుగా, వెనక్కి వస్తూ ఎందుకు వేస్తాడో దగ్గర నిలబడి చూశాకే బుర్రకెక్కింది. "ముందు ఫిట్టింగ్ చూడు తమ్ముడూ, గ్యాప్ ఎక్కువుంటే వెల్డరేం చేస్తాడు?" అనేవారు మా సీనియర్ ఫిట్టర్ గారు. ఆయన దగ్గర పడటం నా అదృష్టం.

డబుల్ బాటమ్ ట్యాంకులోకి (ఓడ అడుగున రెండు పొరల మధ్య ఉండే ఇరుకు గది) దిగడం మాత్రం టెన్షనే. గ్యాస్ టెస్ట్ అయి, మ్యాన్‌హోల్ దగ్గర ఒక మనిషి ఉంటేనే దిగాలి. మే నెలలో లోపల ఉక్కపోత గురించి చెప్పక్కర్లేదు, బయటే ఎలా ఉంటుందో వైజాగ్ వాళ్లకు తెలుసు.

సేఫ్టీ షూ సొంతంగా కొనుక్కుంటే చవకవి వద్దు. బజార్లో నేను కొన్నదాని అడుగు నెలకే ఊడింది. అప్రెంటిస్‌షిప్ అయ్యాక ఉద్యోగం ఖాయమనుకుని రాకండి. ఏసీ గదిలో క్యాడ్ (కంప్యూటర్‌లో డ్రాయింగ్) పనే కావాలంటే ఇంకోచోట చూసుకోండి. చేతులు మసి చేసుకోవడం ఇష్టమైతే కళ్లు మూసుకుని అప్లై చేయండి. ఐదుకు నాలుగున్నర.